వేప కోసం పిలుపు, తురాయికి కోత: నల్లగొండలో ఒక ఇంటి ఆవరణలో 19 చెట్ల పరీక్ష

స్థలం నల్లగొండ పట్టణం అంచున, దేవరకొండ రోడ్డు వైపు. 30 గుంటల ఇంటి ఆవరణ, ఎర్ర చెల్క నేల, రెండడుగుల కింద మొరం, నీళ్లకు బోరు. వేప 3, మామిడి 5, బత్తాయి 6, కొబ్బరి 3, తురాయి 1, చింత 1, మొత్తం 19 చెట్లు. మొదటి పరీక్ష నవంబరు రెండో వారంలో, రెండోది మే నెలలో, మూడోది మరుసటి నవంబరులో జరిగింది.

చెట్ల జబ్బులు చూసే మాకు ఇంటాయన ఫోన్‌లో చెప్పింది ఒక్కటే సంగతి. "యాప చెట్టు మాడిపోయింది సార్. కింద మైసమ్మ గద్దె ఉన్నది, కొట్టనీకి లేదు. ఎట్లన్న బతికియ్యాలె."

వేప దగ్గరికి మాత్రం చివర్లో వెళ్లాం. ఎక్కడ ఎండిందో అక్కడికే నేరుగా పోతే మిగతా 18 చెట్లను వేప కళ్లతోనే చూస్తాం. గేటు దగ్గర మొదలుపెట్టి, సుద్దముక్కతో ఒక్కో చెట్టుకూ నంబరు రాసుకుంటూ (నంబర్లు చూసిన వరుసలో కాదు, చెట్టు రకాల వరుసలో), నాలుగున్నర అడుగుల ఎత్తున కాండం చుట్టుకొలత తీసుకుంటూ పోవడం పద్ధతి. చెట్టుకు పావుగంట పడుతుంది. అనుమానం ఉన్నచోట గంట కూడా పట్టొచ్చు. సామాను పెద్దదేం కాదు: టేపు, చెక్క సుత్తి, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప కడ్డీ, పదునైన చాకు, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, కొమ్మలు చూడటానికి బైనాక్యులర్, మట్టి తీయడానికి కుర్పీ. డ్రిల్లు సంచీలోనే ఉంటుంది, సుత్తీ కడ్డీ అనుమానం పుట్టిస్తేనే బయటికి వస్తుంది.

మొదట మొదలు

చూపు కింది నుంచి పైకి పోవాలి. బాగున్న చెట్టు నేలను తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది, వేళ్లు అక్కడ నుంచి చీలడం కంటికి కనబడుతుంది. ఈ ఆవరణలో చింత తప్ప ఏ చెట్టుకూ ఆ పాదం కనబడలేదు. అన్నీ కరెంటు స్తంభాల్లా నిట్టనిలువుగా నేలలోకి దిగిపోయాయి.

కారణం ఇంటాయన మాటల్లోనే దొరికింది. రోడ్డు ఎత్తు పెరిగి వాననీళ్లు లోపలికి వస్తున్నాయని మూడేళ్ల కింద ఆవరణ అంతా అడుగున్నర మొరం పోయించి, ముందు భాగంలో పార్కింగ్ టైల్స్ పరిచారు. అదే ఏడు కొత్త ప్రహరీకి పునాది కాలువ తీశారు. నీళ్లూ పోషకాలూ పీల్చే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటి మీద ఇంకో అడుగున్నర పోసి రోలరుతో తొక్కిస్తే గాలి అందదు. మట్టిలో పూడిన కాండం బెరడు ఎప్పుడూ తడిగా ఉండి మెత్తబడుతుంది. అది కుళ్లడానికి రెండేళ్లు పట్టొచ్చు, ఐదేళ్లూ పట్టొచ్చు. అప్పటికి మొరం పోసిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, ఎండిన కొమ్మ చూసి మందుల దుకాణానికి పోతారు. చింత చెట్టు మిట్ట మీద ఉండి మొరం తప్పించుకుంది. దాని గురించి రాయడానికి ఇంకేమీ లేదు.

7వ నంబరు మామిడి

చుట్టుకొలత 126 సెంటీమీటర్లు. పడమటి కొమ్మ ఆకులు చిన్నవై పాలిపోయాయి, మిగతావి మామూలుగానే ఉన్నాయి. ఒక్క పక్కే నీరసం కనబడితే ఆ పక్క వేరులోనో కాండంలోనో దారి మూసుకుపోయిందని అర్థం. ఇక్కడ మూడు కారణాలు ఒకేచోట కలిశాయి.

మొదటిది దండెం తీగ. ఐదడుగుల ఎత్తున ఏనాడో చుట్టిన ఇనుప తీగ బెరడులో మునిగిపోయి బయటికి చిన్న మడతే కనిపిస్తోంది. లాగి పీకితే పూడిన బెరడంతా చీలుతుంది. అందుకని బయటికి ఉన్నంతవరకు కత్తిరించి లోపలిది వదిలేశాం.

రెండోది కాండం తొలిచే పురుగు. నేలకు రెండడుగుల పైన పెన్సిలు పట్టేంత రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటి పొడి, ఎండిన బంక. పొడి తాజాగా, లేత రంగులో ఉంటే పురుగు లోపల ఇంకా తింటోందని, నల్లబడి గట్టిపడితే ఎప్పుడో వెళ్లిపోయిందని లెక్క. ఇక్కడ తాజాగా ఉంది. సైకిలు పుల్లను కొసన వంచి సొరంగంలోకి తోసి పురుగును గుచ్చి లాగడం, పెట్రోలులో ముంచిన దూదిని లోపలికి కుక్కి తడిమట్టితో మూసేయడం, వారం తర్వాత మూత కింద కొత్త పొట్టు రాలిందేమో చూడటం, ఇంతే వైద్యం. పాత కరపత్రాల్లో ఈ పనికి డైక్లోర్వాస్ రాసి ఉంటుంది. అది 2020 డిసెంబరు 31తో దేశంలో నిషేధమైంది. దుకాణంలో పాత సీసా దొరికినా తీసుకోవద్దు.

మూడోది, అసలుది, మట్టి కింద ఉంది. కాండం చుట్టూ కుర్పీతో, చేత్తో తవ్వాం. గడ్డపార వాడితే తడిసి మెత్తబడిన బెరడు ఒక్క పోటుకే ఊడుతుంది. జానెడు దిగేసరికి బెరడు నల్లబడి పులిసిన వాసన వచ్చింది. ఇంకొంచెం దిగాక బొటనవేలంత వేరు ఒకటి కాండాన్ని పడమటి వైపు బిగించి పట్టుకుని కనిపించింది. పోసిన మొరంలోకి కాండం నుంచి పుట్టి, గట్టి నేల తగిలి, వెనక్కి తిరిగి చుట్టుకున్న వేరది. దాన్ని ఉలితో రెండు చోట్ల తెంచి ముక్క తీసేశాం. అసలు వేళ్లు చీలే చోటు 42 సెంటీమీటర్ల లోతున బయటపడింది. అక్కడి దాకా, కాండం నుంచి నాలుగడుగుల దూరం వరకు మొరం తీయించి, అంచున సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి, నీళ్లు నిలవకుండా ఒక పక్కకు వాలు ఇచ్చాం. ఈ పనికి చలికాలం మంచిది. మూడేళ్లు మట్టిలో మగ్గిన బెరడును ఏప్రిల్ ఎండకు ఒక్కసారిగా విప్పితే మాడిపోతుంది.

మిగతా నాలుగు మామిళ్లకూ ఇలాగే పాదాలు విప్పాం, వాటిలో కుళ్లు లేదు.

18వ నంబరు తురాయి

ఆవరణలో అందరికంటే పచ్చగా ఉన్న చెట్టు ఇదే. దీన్ని చూడమని ఎవరూ అడగలేదు. కింద రెండు కార్లు, పక్కన గేటు, సాయంత్రం పిల్లల ఆట.

కాండం మొదట్లో వరుసగా పేర్చిన పూలకుండీలు పక్కకు జరిపిస్తే, ఉత్తరం వైపు బెరడును పట్టుకుని మూడు పుట్టగొడుగులు కనిపించాయి. గొడుగులా కాదు, గోడకు కొట్టిన అరలా ఉంటాయి. పైన వార్నిష్ పూసినట్టు ఎర్రటి గోధుమ రంగు, అంచున తెలుపు. ఇది గానోడెర్మా అనే బూజు. పుట్టగొడుగు బయటికి వచ్చిందంటే బూజు లోపల కర్ర తినడం మొదలై చాలా కాలమైందని అర్థం. పుట్టగొడుగును పీకేస్తే రోగం పోదు, గుర్తు మాత్రం పోతుంది.

చెక్క సుత్తితో చుట్టూ కొడుతూ వస్తే తూర్పు, దక్షిణం వైపు గట్టి చప్పుడు, ఉత్తరం, పడమర వైపు ఖాళీ డబ్బా చప్పుడు వచ్చింది. ఇనుప కడ్డీ ఉత్తరం వైపు చేతి బలానికే వేలెడు దిగింది. అప్పుడు డ్రిల్లు తీశాం. 4 మిల్లీమీటర్ల పొడవాటి బిట్టును స్పిరిటుతో తుడిచి, నేలకు అడుగు ఎత్తున నాలుగు వైపులా మెల్లగా దించుతూ, ప్రతి సెంటీమీటరుకూ బయటికొచ్చే పొట్టును చూడాలి. గట్టి కర్ర పొట్టు పొడిగా రాలుతుంది. కుళ్లిన చోట బిట్టుకు అడ్డు తగ్గి చటుక్కున ముందుకు పోతుంది, పొట్టు తడిగా తెల్లటి పీచులా వస్తుంది. గట్టి కర్ర మందం తూర్పున 13, దక్షిణాన 11, పడమట 5, ఉత్తరాన 4 సెంటీమీటర్లు.

అడుగు ఎత్తున చుట్టుకొలత 189 సెంటీమీటర్లు, అంటే వ్యాసార్ధం సుమారు 30. లోపల డొల్ల ఉన్న కాండంలో గట్టి కర్ర మందం వ్యాసార్ధంలో కనీసం 30 శాతం ఉండాలన్నది జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ చెప్పిన కొలత. ఆ లెక్కన ఇక్కడ 9 సెంటీమీటర్లు కావాలి, రెండు వైపుల అందులో అటూ ఇటుగా సగమే ఉంది. ఆ కొలత కూడా చుట్టూ మూసుకుని ఉన్న డొల్లకే పనికొస్తుంది, ఒక పక్క తెరుచుకుంటే చెట్టు ఇంకా బలహీనం.

మరి ఆకు ఎందుకు పచ్చగా ఉంది? ఆకుకు నీళ్లు మోసేది బెరడు కిందున్న కొత్త కర్ర. గాలికి నిలబెట్టేది మొత్తం కర్ర. లోపలిది కుళ్లుతున్నా పైది నీళ్లు మోస్తూనే ఉంటుంది. ఆకును చూసి చెట్టు ఆకలిదప్పులు చెప్పొచ్చు, దాని బలం చెప్పలేం. బూజుకు దారి ఇచ్చింది ప్రహరీ పునాది: కాండానికి ఐదడుగుల దూరంలో తీసిన కాలువలో ఉత్తరపు వేళ్లన్నీ తెగిపోయాయి.

కొమ్మలు తగ్గించి ఉంచుదామా అన్నది ఇంటాయన ప్రశ్న. తురాయి కర్ర పెళుసు. పెద్ద కొమ్మ కొట్టిన చోట వచ్చే కొత్త కొమ్మలు పైపైనే అతుక్కుని, ఐదారేళ్లకు వాటంతట అవే విరుగుతాయి. పైగా కుళ్లు ఉన్నది కొమ్మల్లో కాదు. కింద మనుషులు తిరగని చోటైతే వదిలేయొచ్చు, గేటు పక్కన కుదరదు. ఏప్రిల్, మే గాలిదుమారాలకు ముందే, మార్చి దాటకుండా తీయాలని రాశాం. సొంత స్థలంలో ఉన్నా చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. దరఖాస్తుకు ఫొటోలు, డ్రిల్లు కొలతలు జతచేయించాం. గేటు మీదుగా కరెంటు లైను ఉంది కాబట్టి కోత రోజు కరెంటోళ్ల దగ్గర ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశామన్న మాట) తీసుకున్నాకే మనిషి ఎక్కాడు. నాలుగడుగులకు మించని ముక్కలు చేసి తాళ్లతో దించారు. మోడును అడుగు ఎత్తున అడ్డంగా కోసి టేపు పెడితే గట్టి కర్ర ఉత్తరాన మూడున్నర, పడమట నాలుగున్నర సెంటీమీటర్లు ఉంది. మధ్యలో తడి దూదిలా తెల్లటి పీచు.

ఒక మాట. చెట్టు కొట్టి డబ్బు తీసుకునే మనిషినే చెట్టుకు రోగం ఉందా లేదా అని అడగకూడదు. చూసేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరుగా ఉండాలి.

ఇక వేప

1వ నంబరు వేప చుట్టుకొలత 214 సెంటీమీటర్లు, ఎత్తు 13 మీటర్లు. దూరం నుంచి చూస్తే నిప్పు సెగ తగిలినట్టు కొసలన్నీ గోధుమ రంగు. ఆకు రాలలేదు, మాడి వేలాడుతోంది. 2021 చివరి నుంచి తెలంగాణ అంతటా జనం చూస్తున్నదే ఇది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. టీ దోమ లేత చిగుళ్లను గుచ్చి రసం పీలిస్తే ఆ గాట్లలోంచి శిలీంధ్రం దూరుతుంది (పేరుకే దోమ, అది రసం పీల్చే ఒక పురుగు). వానల్లో పాకుతుంది, వానలు వెనకపడే వేళకు మాడు బయటపడుతుంది.

చెట్టు బతికుందా లేదా అన్నది చాకు చెబుతుంది. ఎక్కించిన మనిషి చేత మూడు మందాల్లో బెరడు గీయించాం. పెన్సిలంత కొమ్మ గోధుమ రంగు, చచ్చిపోయింది. బొటనవేలంత కొమ్మ ఆకుపచ్చ. మణికట్టంత కొమ్మ ఆకుపచ్చ, తడి. అంటే చచ్చింది కొసల్లో అడుగు మేర మాత్రమే. మార్చి, ఏప్రిల్‌లో చిగురు పెడుతుందని రిపోర్టులో రాశాం.

మందు కొట్టమని ఇంట్లో అందరూ అడిగారు. ఇంత ఎత్తు చెట్టుకు మామూలు పంపుతో కొసల దాకా మందు అందదు, అందినదాంట్లో సగం ఇంటి మీదా నైవేద్యాల మీదా పడుతుంది. ఈ కొమ్మలే పళ్లపుల్లలకూ బోనాలకూ తెంపుతారు. అందుకని వద్దన్నాం. మనిషెత్తు కంటే కాస్త ఎక్కువ ఉన్న 2, 3 నంబర్ల చిన్న వేపలకు మాత్రం ఎండిన కొసకు నాలుగంగుళాల కింద కత్తిరించి, ఆ పుల్లలు కాల్పించి, లీటరు నీటికి కార్బండిజమ్ అనే శిలీంధ్రం మందు 1 గ్రాము చొప్పున ఒకసారి కొట్టించాం. పొద్దున్నే వెతికినా టీ దోమ దొరకలేదు, అందుకని పురుగుమందు రాయలేదు.

తెగులు కంటే ఎక్కువ నష్టం అప్పటికే వైద్యం చేసింది. మేం రాకముందు ఎవరో చెప్పారని కాండానికి డ్రిల్లుతో 14 రంధ్రాలు పెట్టి, సెలైన్ సీసాలతో క్లోరిపైరిఫాస్ ఎక్కించారు. ఈ పద్ధతి జనానికి తెలిసింది పిల్లలమర్రి వల్ల. సూర్యాపేట దగ్గరి గుళ్ల ఊరు కాదు, పాలమూరు మహావృక్షం. అక్కడ 2017 చివర్లో కొమ్మ విరిగి సందర్శకులను ఆపేశారు, 2018లో సెలైన్ సీసాలతో మందు పట్టించారు. అక్కడ రోగం చెదలు. క్లోరిపైరిఫాస్ చెదల మందు. పైగా సీసాలొక్కటే కాదు, కొమ్మలకు ఆసరా దిమ్మెలు కట్టారు, ఊడలను పైపుల్లోంచి నేలకు దించారు. పేపర్లో ఫొటో మాత్రం సీసాలదే పడింది. ఈ వేపకు చెదలు లేవు, శిలీంధ్రం మీద ఆ మందు పని చేయదు. మిగిలినవి 14 గాయాలు. వాటిలో సిమెంటు కుక్కవద్దని చెప్పాం. సిమెంటు తడిని లోపలే పట్టి ఉంచుతుంది. తెరిచి ఉంచితే చెట్టే చుట్టూ కొత్త కర్ర కట్టుకుంటుంది.

గద్దె సంగతి సున్నితమైనది. రెండున్నర అడుగుల ఎత్తున కాండాన్ని ఆనుకుని కట్టి, లోపల మట్టి నింపి, పైన టైల్స్ వేశారు. మైసమ్మ తూర్పున ఉంది, అటు ముట్టుకోలేదు. ఇంటాయన తల్లి ఒప్పుకుని ఆదివారం బోనం పెట్టాక, మిగతా మూడు వైపులా కాండానికి అడుగు దూరం వరకు టైల్స్, మట్టి తీయించాం. లోపలి బెరడు తడిగా ఉంది గానీ కుళ్లలేదు.

బత్తాయి, కొబ్బరి

బత్తాయికి అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైన ఉండాలి. ఇక్కడ మొరం కింద పూడిపోయింది. 11, 12 నంబర్లకు కాండం మొదట్లో బంక కారుతోంది, ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే బంక తెగులు. 12కు బెరడు చుట్టూ ముప్పావు వంతు కుళ్లిపోయింది. అది నిలవదు, తీయించేశాం. 11కు మట్టి తీసి, కుళ్లిన బెరడును గట్టి బెరడు తగిలేదాకా గీకి, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయించాం.

పేస్టు మొదటిసారి చెడింది. పనిచేసే అబ్బాయి ఇనుప బకెట్టులో కలిపాడు. పావుగంటకు బకెట్టు లోపలంతా ఎర్రటి రాగి పూత. మందులో ఉండాల్సిన రాగి బకెట్టుకు అంటుకుంటే చెట్టుకు పూసేది ఉత్త సున్నమే. సరైన పద్ధతి: 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో ప్లాస్టిక్ డబ్బాలో కరిగించాలి. 100 గ్రాముల కొత్త రాళ్ల సున్నం ఇంకో అర లీటరులో వేరుగా తడిపి చల్లారనివ్వాలి. రెండూ ఒకేసారి మూడో ప్లాస్టిక్ డబ్బాలోకి పోస్తూ కర్రతో కలపాలి. మెరిసే చాకును ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రబడకూడదు, ఎర్రబడితే ఇంకాస్త సున్నం. గాలి తగిలి పొడైన పాత సున్నానికి పస ఉండదు, అలాంటప్పుడే ఈ పరీక్ష తప్పుతుంది. కలిపిన రోజే వాడేయాలి. ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, నేల నుంచి రెండడుగుల దాకా పూయాలి. నీళ్లు కాండానికి తగలకుండా లోపల చిన్న కట్ట, బయట పెద్ద కట్ట, నీళ్లు రెండింటి మధ్యనే. ఆకు, మట్టి సంగతులు ఇంకా లోతుగా కావాలంటే ఇదే రోడ్డు మీద కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది.

కొబ్బరి మట్టల్లో కత్తెరతో కోసినట్టు కోతలు కనిపించాయి, కొమ్ము పురుగు పని. దాని పిల్లలు మూలనున్న పెంటకుప్పలో దొరికాయి. కుప్పను పొలానికి తరలించడమే మందు. అసలు భయం వేరే ఉంది. గానోడెర్మా కొబ్బరినీ తింటుంది, 15వ నంబరు కొబ్బరి తురాయికి 16 అడుగుల దూరంలోనే ఉంది. తురాయి మోడు, లావు వేళ్లు తవ్వి తీయించాం. ఆ ముక్కలను ఆవరణలో ఎక్కడా పరచనీయలేదు. రెండింటి మధ్య రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కాలువ తీయించాం. కొబ్బరికి ఏటా 5 కిలోల వేపపిండి, 50 గ్రాముల ట్రైకోడెర్మా (చెడు బూజును అణిచే మేలు శిలీంధ్రం) రాశాం. కాండం మొదట్లో ఎర్రటి ద్రవం కారడం లేదు కాబట్టి వేరు ద్వారా మందు ఎక్కించలేదు.

మే, తర్వాత నవంబరు

మే నెలలో వేప నిండా చిగురు, కొసల్లో ఎండు పుల్లలు నిలబడి ఉన్నాయి. నవంబరులో మళ్లీ కొంత మాడింది, ముందటి ఏడుకంటే తక్కువ. ఇది ఏటేటా రావొచ్చని ముందే చెప్పాం కాబట్టి ఫోన్ రాలేదు. చిన్న వేపలు రెండూ బాగున్నాయి.

7వ నంబరు మామిడి పడమటి కొమ్మ నిలవలేదు. మొదట కాండానికి అడుగు దూరంలో కింద గాటు, దానికి కాస్త బయట పైనుంచి కోత, చివరగా కొమ్మ పుట్టే చోటి ఉబ్బెత్తు కంకణాన్ని వదిలి మూడో కోత, ఇలా తీయించాం. కింద గాటు లేకుండా ఒకేసారి పైనుంచి కోస్తే కొమ్మ బరువుకు కాండం బెరడు గజం పొడవున ఊడి వస్తుంది. మిగతా చెట్టు పూతకు సిద్ధంగా ఉంది.

5వ నంబరు మామిడికి కొత్తగా బంక కనిపించింది. విప్పిన పాదు చల్లగా ఉండాలని రోజూ పైపు పెట్టి నింపుతున్నారు. నీళ్లు కొమ్మల అంచు నీడ పడే చోట, వారానికి ఒకసారి, తడి అడుగు లోతు దిగేలా ఇస్తే చాలని మళ్లీ రాసి, ఆ గీతను నేల మీద సున్నంతో గీయించాం.

15వ నంబరు కొబ్బరి మొదట్లో మూడడుగుల ఎత్తు దాకా మూడు నెలలకోసారి ఫొటో తీసి పంపమన్నాం. ఇప్పటికి నాలుగు ఫొటోలు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ ఎర్రటి చార లేదు. ఇంకో రెండేళ్లు పంపాలి.